ఖాళీగా ఎగురుతుంది, లోడేస్తే కొడుతుంది: ఒక పికప్ కమాన్ కట్టల కేస్ స్టడీ

ముందూ వెనకా కమాన్ కట్టలే (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగులు) ఉన్న డీజిల్ పికప్. వయసు నాలుగేళ్లు, తిరిగింది 1,12,000 కిలోమీటర్లు. హాలియా, పెద్దవూర చుట్టుపక్కల తోటల నుంచి బత్తాయి ఎత్తుకుని నల్లగొండకు, కొన్ని రోజులు హైదరాబాద్‌కు తోలడం దీని పని. తోట నుంచి ఊరిదాకా చెల్కల్లో మొరం బాట, తర్వాత సాగర్ ఎడమ కాలువ కట్ట వెంట కంకర తేలిన దారి, ఆ పైన తారు రోడ్డు. పోయేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు నిండు లోడు. అంటే రోజుకు సగం దూరం బండి ఖాళీగానే తిరుగుతుంది. ఈ కేసులో ఆ సంగతి చాలా ముఖ్యం.

ఓనరు చెప్పింది ఇది: "షాకప్‌లు రెండు మాట్ల మార్పిచ్చిన అన్నా. గుంతల పడితె నడుముల గుద్దినట్టయితుంది. కింది ట్రేలల్ల కాయ నలుగుతుంది. మళ్ల షాకప్‌లే పొయినయా?"

రెండుసార్లు మార్చినా తగ్గలేదంటే తప్పు అక్కడ లేదనుకోవాలి, లేదా మార్చిన సామానే తప్పు అయి ఉండాలి. ఈ బండిలో రెండూ నిజమయ్యాయి.

ఫిర్యాదును విడదీయడం

'హార్డ్‌గా ఉంది' అన్న ఒక్క మాట పట్టుకుని పానా ఎత్తితే పని దారి తప్పుతుంది. డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ బండితో ఒకసారి, లోడుతో ఒకసారి నాలుగు కిలోమీటర్లు తిరిగితే మూడు వేర్వేరు బాధలు బయటపడ్డాయి.

మొదటిది కంకర మీద ఆగకుండా వచ్చే గరగర. స్టీరింగ్‌లో, సీటు కింద, డ్యాష్‌బోర్డులో తెలుస్తుంది. లోడున్నా లేకున్నా ఒకటే. గుంత పెద్దదవ్వాల్సిన పని లేదు, గులకరాయి చాలు. ఇలాంటిది దాదాపు ఎప్పుడూ టైరు గాలి దగ్గరో, కట్ట బిగుసుకుపోయిన దగ్గరో ఉంటుంది.

రెండోది మోరీల అంచుల మీద, గుంతల్లో పడే ఒక్క దెబ్బ. ముందు ఎడమ పక్క నుంచి 'దబ్' అని మొద్దుగా, వెనక నుంచి 'టంగ్' అని ఇనుము ఇనుముకు తగిలినట్టు. ఇవి లోడున్నప్పుడే ఎక్కువ. ప్రయాణం అయిపోయి ఏదో దేనికో ఆనుతున్నదనడానికి ఇది గుర్తు. మొద్దు శబ్దమైతే రబ్బరుకు ఆనింది, మోగితే ఇనుముకు ఆనింది.

మూడోది ఖాళీగా స్పీడ్ బ్రేకరు దాటగానే వెనక భాగం ఎగిరి పడటం. ఇది కట్ట గట్టిదనం సంగతి.

మూడింటికీ మందు ఒకటి కాదు. షాకప్ ఈ మూడింటిలో దేనికీ మొదటి ముద్దాయి కాదు. షాకప్ పోతే బండి గుంత దాటాక కూడా రెండు మూడు సార్లు ఊగుతూనే ఉంటుంది, మెత్తగా తేలినట్టుంటుంది. ఇక్కడ ఊగడమే లేదు. అసలు కదలాల్సినదే కదలడం లేదు.

ఇంతకు ముందు ఏం చేశారు

పాత పనుల వివరం రాబట్టడం కొలతలంత విలువైనది. ఏడాదిన్నర కింద నిండు లోడుకు బండి వెనక కూర్చుంటున్నదని రెండు పక్కలా రెండేసి పట్టీలు అదనంగా వేయించారు. కంపెనీ కట్టలో 9 మి.మీ. పట్టీలు ఆరు. అదనంగా వేసినవి 10 మి.మీ. మందం. ఆ తర్వాత ఎగురుతున్నదని షాకప్‌లు మార్చారు. అప్పటికీ ఎగిరితే 'హెవీ' రకమని ఇంకో జత వేశారు. ముందు కట్టలు కిరకిరమంటున్నాయని దారిలో ఎవరో పట్టీలను పట్టి ఉంచే క్లిప్పులను సుత్తితో కొట్టి బిగించారు, పాత ఇంజన్ ఆయిల్ పోశారు. లోడుకు భయపడి నాలుగు టైర్లకూ పంక్చరు షాపులో 80 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తున్నారు.

ప్రతి పనికీ ఆ రోజున ఒక కారణం కనిపించింది. కానీ అన్నీ ఒకే వైపు తోశాయి: కట్టను కదలనివ్వకుండా చేశాయి. చక్రం గుంతలో పడ్డ దెబ్బను కట్ట వంగి మింగాలి. వంగనప్పుడు ఆ దెబ్బ ఉన్నదున్నట్టు ఛాసికి, ఛాసి నుంచి సీటుకు, ట్రేలకు పోతుంది. అందుకే ఈ కేసంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎక్కడ, ఎంత కదలాలి, ఎంత కదులుతోంది?

విప్పకముందే కొలిచినవి

ముందు వేబ్రిడ్జి. ఒక్కో యాక్సిల్‌ను మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉంచి విడివిడిగా తూకం తీయాలి. కింద నేల సమంగా ఉండాలి, బ్రేకు పట్టకూడదు. ఖాళీగా ముందు 960, వెనక 760 కిలోలు. 1,250 కిలోల లోడుతో ముందు 1,100, వెనక 1,870.

తర్వాత బంప్ రబ్బరుకు (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఛాసి కింద ఉండే రబ్బరు దిమ్మ), యాక్సిల్ మీద అది తగిలే మెట్టుకు మధ్య ఖాళీ. ఖాళీ బండిని రెండుసార్లు ఊపి వదిలాక ముందు ఎడమ 18 మి.మీ., కుడి 31. అదే మోడల్, కట్టలు ముట్టని ఇంకో బండి మీద కొలిస్తే రెండు పక్కలా 44. ఇలా పోల్చడానికి బండి దొరికితే వదలకూడదు. వెనక మాత్రం తిరగబడ్డ లెక్క: ఖాళీగా 150, లోడుతో 98. ముందు కూలబడింది, వెనక ఎత్తుకుంది.

ముందు ఎడమ పక్క 18 అంటే ఎంత తక్కువో లోడేశాక తెలుస్తుంది. లోడుతో ఆ చక్రం మీద ఇంకో 70 కిలోలు పడతాయి, కట్ట ఇంకో 13 మి.మీ. దిగుతుంది. మిగిలేది 5. గచ్చు పగులు మీదికి పోయినా రబ్బరు తగులుతుంది.

ఊహను సాక్ష్యంగా మార్చడానికి మట్టి ముద్ద చాలు. తడిపిన రేగడి మట్టిని చిన్న నిమ్మకాయంత ఉండ చేసి, నాలుగు బంప్ రబ్బర్ల కింద యాక్సిల్ మెట్టు మీద అంటించి, లోడుతో అదే నాలుగు కిలోమీటర్లు తిప్పాం. చెల్క మట్టి పనికిరాదు, రాలిపోతుంది. రేగడి జిగటగా పట్టుకుంటుంది. తిరిగొచ్చి చూస్తే ముందు ఎడమ ముద్ద అప్పడంలా పలచబడి, దాని మీద రబ్బరు అంచు గీతలు అచ్చు పడి ఉన్నాయి. ముందు కుడిది సగం నలిగింది. వెనక రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, పైన దుమ్ము తప్ప మరకే లేదు.

కానీ వెనక నుంచి 'టంగ్' స్పష్టంగా వినిపించింది. రబ్బరుకు ఆనకుండా ఇనుము మోగిందంటే యాక్సిల్‌ను అంతకు ముందే ఇంకేదో ఆపుతోంది. ఆ జాగాలో ఉన్నది షాకప్ ఒక్కటే.

చివరిది, అన్నిటికంటే ఎక్కువ చెప్పేది, కట్ట బిగుసుకుపోయిన కొలత. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు బంపరు మీద ఇద్దరు బరువు వేసి కిందికి అదిమి, మెల్లగా వదలాలి. ఆగిన చోట యాక్సిల్ నుంచి ఛాసి దాకా ఎత్తు రాసుకోవాలి. తర్వాత ఛాసి కింద జాకీ పెట్టి కొంచెం ఎత్తి, అంతే మెల్లగా దించి జాకీ తీసేయాలి. మళ్లీ ఎత్తు రాసుకోవాలి. బరువు మారలేదు కాబట్టి రెండు ఎత్తులూ దాదాపు ఒకటే రావాలి. ఇక్కడ ముందు ఎడమ 22 మి.మీ. తేడా, కుడి 14, వెనక 12, 11. పట్టీలు శుభ్రంగా జారే కట్టలో 5, 6 కంటే ఎక్కువ ఉండదు.

ఈ 22 మి.మీ.ను బరువులోకి మార్చి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఈ బండి ముందు కట్ట ఒక మి.మీ. దిగాలంటే సుమారు 5.4 కిలోలు కావాలి. క్యాబిన్‌లో మనుషులను ఎక్కిస్తే ఒక్కో పక్కకు 65 కిలోలు పెరిగి 12 మి.మీ. దిగింది, అదే లెక్క. కట్ట శుభ్రం చేశాక తీసిన కొలత అది, బిగుసుకున్న కట్టతో తీస్తే తప్పు వస్తుంది. 22లో సగం 11, దాన్ని 5.4తో గుణిస్తే 60 కిలోలు. అంటే రోడ్డు నుంచి 60 కిలోల దెబ్బ వచ్చేదాకా ఎడమ కట్ట కదలదు, ఇనుప దూలంలా ఉంటుంది. గులకరాళ్లన్నీ ఆ 60 కిలోల లోపే. గరగరకు సగం కారణం ఇదే. మిగతా సగం టైర్లలో ఉంది.

గాలి

ముందు దీన్నే సరిచేశాం. ఇందులో సామాను ఖర్చు లేదు, పైగా ఇది సరికాకుండా మిగతా వాటి ప్రభావం తెలియదు. తలుపు పక్క స్టిక్కరు మీద ఈ బండికి లోడుతో ముందు 50, వెనక 65 పీఎస్‌ఐ అని ఉంది. టైరు గోడ మీద కనిపించే పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, బండికి కొట్టాల్సిన గాలి కాదు. పంక్చరు షాపుల్లో ఈ రెండూ కలిసిపోతాయి.

పొద్దున బండి కదలకముందు చూసిందే లెక్క. 65 ఉన్న టైరు లోపలి గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద నుంచి వచ్చిన టైరులో గాలి చూసి 'ఎక్కువుంది' అని తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది.

గాలి మార్చి అదే దారిలో తిప్పితే గరగర కొంత తగ్గింది, దెబ్బలు అలాగే ఉన్నాయి. అనుకున్నట్టే.

ముందు కట్టలు విప్పితే

గచ్చు నేల మీద, ఛాసి కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్‌ను విడిగా జాకీ మీద ఆనించి విప్పాలి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తీసేముందు కట్టను సీ-క్లాంపుతో గట్టిగా పట్టించాలి. బిగువు మీదున్న పట్టీలు బోల్టు వదలగానే ఎగిరి ముఖానికి తగులుతాయి. వేళ్లు కూడా పోవచ్చు.

విప్పకముందు షాకిల్ (కట్ట ఒక చివరను ఛాసికి వేలాడదీసే ఊగే లింకు) పలక నుంచి కట్ట చెవి, అంటే పిన్ను దూరే చివరి చుట్ట, మీదికి సుద్దతో ఒక అడ్డగీత గీశాం. యాక్సిల్‌ను ఎత్తి దించితే షాకిల్ తిరగాలి, గీత విడిపోవాలి. ఎడమ పక్క గీత వెంట్రుకంత కూడా విడిపోలేదు. షాకిల్ పిన్ను, బుష్షు మధ్య ఎర్రదుమ్ము, తుప్పు కలిసి సిమెంటులా పట్టాయి. కట్ట వంగితే పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవుకు చోటిచ్చేది షాకిల్ ఒక్కటే. అది కదలకపోతే కట్ట రెండు చివర్లా మేకులు కొట్టినట్టే.

కుడి పక్క బుష్షు రబ్బరు ఒక వైపుకు మెలిదిరిగి చిరిగింది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే షాకిల్ బోల్టు బిగించేశారన్నమాట. రబ్బరు బుష్షు జారదు, మెలికపడి పని చేస్తుంది. బండి బరువు చక్రాల మీద లేనప్పుడు బిగిస్తే కిందికి దిగగానే అది సగం మెలికతో మొదలవుతుంది. కట్టకు ఇంకో స్ప్రింగు తోడైనట్టు అడ్డుపడుతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది.

ఎడమ కట్టలో అసలు సంగతి సెంటర్ బోల్టు కింద దాగి ఉంది. పైనుంచి మూడో పట్టీ బోల్టు రంధ్రం దగ్గర రెండు ముక్కలు. విరిగిన ముఖంలో మూడు వంతులు నల్లగా తుప్పు పట్టి ఉంది, ఒక అంచు మాత్రమే తెల్లగా మెరుస్తోంది. అంటే చాలాకాలం కింద పగులు మొదలై మెల్లగా పాకి, ఈ మధ్యే పూర్తిగా తెగింది. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టు వదులైతే జరిగేది ఇదే. కట్ట మధ్యభాగం యాక్సిల్ మీద గట్టిగా పట్టి ఉన్నంతకాలం అక్కడ వంపు రాదు. వదులైన రోజు నుంచి వంపంతా రంధ్రం ఉన్న బలహీనమైన చోటే పడుతుంది. బయటి నుంచి యూ బోల్టు పలక కప్పేస్తుంది కాబట్టి కంటికి కనపడదు. ఎడమ పక్క కూలబడటమే దీని జాడ.

మిగిలిన పట్టీలన్నీ వైరు బ్రష్షుతో గీకి, డీజిల్‌తో కడిగి, పగుళ్లు చూశాం. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. పట్టీని కిరోసిన్‌లో పది నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, పైన మెత్తని ముగ్గు పిండి పలచగా చల్లాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లపిండి మీద సన్నని తడిగీత తేలుతుంది. రంధ్రం చుట్టూ, చెవి వంపు దగ్గర, కింది పట్టీ కొన ఆనే చోట బాగా చూడాలి. ఇంకెక్కడా గీత రాలేదు.

పట్టీల కొనల దగ్గర ఉండాల్సిన నైలాన్ ముక్కలు అరిగి మాయమయ్యాయి. ఇనుము ఇనుమును కొరికి కొనల దగ్గర దాదాపు ఒక మి.మీ. లోతు గుంటలు పడ్డాయి. పాత ఇంజన్ ఆయిల్ ఇక్కడే చేటు చేసింది. పోసిన మూడు రోజులు కిరకిర ఆగుతుంది. తర్వాత మొరం దుమ్మంతా ఆ జిడ్డుకు అంటుకుని పట్టీల మధ్య సానబెట్టే పేస్టు తయారవుతుంది, పైగా రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి. కట్టల మీద ఆయిల్ పోసే అలవాటు మన దగ్గర చాలా గట్టిగా పాతుకుపోయింది. మానుకోవాలి.

ముందు కట్టల పని

మూడో పట్టీ రెండు పక్కలా మార్చాం. విరిగింది ఎడమదే అయినా ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే బండి వాలుతుంది. మందం, వెడల్పు, వంపు పాతదానికి సరిపోవాలి. విరిగినదానికి బదులు ఇంకాస్త మందంది వేద్దామన్న సలహా వచ్చింది, ఒప్పుకోలేదు. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు తిప్పించే పద్ధతీ వద్దనుకున్నాం. స్ప్రింగు ఉక్కుకు బలం కంపెనీలో ఇచ్చిన పదునులో ఉంటుంది. బొగ్గుల్లో కాల్చి, సరైన వేడిలో చల్లార్చకుండా, మళ్లీ పదును పెట్టకుండా వదిలితే అది కొన్ని లోడ్లకే మళ్లీ కూలుతుంది, లేదంటే పెళుసై విరుగుతుంది.

శుభ్రం చేసిన పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలచగా రాశాం. కొనలకు కొత్త నైలాన్ ముక్కలు, కొత్త సెంటర్ బోల్టు. క్లిప్పులను తిరిగి విప్పదీసి, పట్టీ పక్కన, పైన గోరు దూరేంత సందు ఉంచాం. క్లిప్పు పని చక్రం కిందికి వేలాడినప్పుడు పట్టీలు విడిపోకుండా ఆపడమే. అదిమి పట్టడం దాని పని కాదు. షాకిల్ పిన్నులు, బుష్షులు అన్నీ కొత్తవి. రబ్బరు బుష్షు ఎక్కించడానికి సబ్బునీళ్లు వాడాలి, గ్రీజు గానీ డీజిల్ గానీ రబ్బరును తగలకూడదు.

యూ బోల్టులు పాతవి మళ్లీ వాడలేదు. ఒకసారి పూర్తిగా బిగిసిన బోల్టు మర సాగుతుంది, రెండోసారి అదే పట్టు ఇవ్వదు. ఈ బండికి మాన్యువల్‌లో ఉన్నది 110 న్యూటన్ మీటర్లు. వేరే బండికి ఆ బండి అంకె చూడాలి. నాలుగు నట్లను ఐమూలగా, 30, 60, 90, 110 అని నాలుగు విడతల్లో టార్క్ రెంచితో బిగించాలి. ఒక నట్టును ముందే పూర్తిగా లాగేస్తే పలక ఒరిగి మిగిలినవి ఎంత బిగించినా వదులే. షాకిల్ బోల్టులు మాత్రం బండిని చక్రాల మీదికి దించి, రెండుసార్లు ఊపి, అప్పుడు బిగించాం.

ఇప్పుడు కొలిస్తే బంప్ రబ్బరు ఖాళీ ఎడమ 39, కుడి 38. ముట్టని బండిలో ఉన్న 44 రాలేదు. పట్టీలు నాలుగేళ్లు మోశాయి, ఆ 5, 6 మి.మీ. కోసం మొత్తం కట్టలు కొనడం ఓనరుకు దండగ. ఎత్తు తేడా పరీక్షలో 22, 14 కాస్తా రెండు పక్కలా 6కు దిగాయి. 60 కిలోల దెబ్బకు గానీ కదలనిది ఇప్పుడు 16 కిలోలకే కదులుతోంది. దారి మీదికి తీసుకెళ్లగానే డ్రైవరు స్టీరింగ్ మీద చేయి పెట్టి తేడా చెప్పాడు. ముందు 'దబ్' పోయింది.

వెనక: షాకప్ పొడవు, ఎక్కువైన పట్టీలు

షాకప్‌ను కింది చివర విప్పి, ఛాసిని బంప్ రబ్బరు యాక్సిల్‌కు ఆనేదాకా దించి, షాకప్ పై పిన్ను నుంచి కింది పిన్ను దాకా కొలిస్తే 340 మి.మీ. బండి మీదున్న 'హెవీ' షాకప్‌ను పూర్తిగా ముడిస్తే 380. అంటే రబ్బరు తగలడానికి ఇంకా 40 మి.మీ. ఉండగానే షాకప్ లోపల పిస్టన్ అడుగుకు తగులుతోంది. మట్టి ముద్ద ఎందుకు నలగలేదో, 'టంగ్' ఎక్కడి నుంచి వచ్చిందో దీంతో తేలింది. పెద్ద బండి షాకప్ కన్నాలకు సరిపోయింది కాబట్టి వేసేశారు. కన్నం సరిపోవడం వేరు, పొడవు సరిపోవడం వేరు.

నిర్ధారణ కోసం వెనక షాకప్‌లు రెండూ విప్పి, ఖాళీ బండి తొట్టిలో వెనక చక్రాల పైభాగాన ఇద్దరిని నిలబెట్టి, యార్డులోనే నడక వేగంతో ఒక చిన్న గుంత దాటించాం. మోత లేదు. లోడుతో గానీ రోడ్డు మీద గానీ ఇలా తిప్పకూడదు.

కొత్త షాకప్ కొనడానికి రెండు పొడవులు కావాలి. బంప్ రబ్బరు గట్టి దెబ్బకు దాదాపు 25 మి.మీ. నలుగుతుంది, కాబట్టి ముడిచిన పొడవు 315 కంటే తక్కువ ఉండాలి. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు, అదీ అదనపు పట్టీలు తీసేశాక, పిన్నుల మధ్య 495 వచ్చింది, కాబట్టి సాచిన పొడవు అంతకంటే ఎక్కువ ఉండాలి. 310, 505 ఉన్నవి దొరికాయి. బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా సాచి ముడవాలి. పెట్టెలో అడ్డంగా పడుకున్నప్పుడు లోపల చేరిన గాలి అప్పుడే పోతుంది. లేకపోతే మొదటి రోజు షాకప్ ఖాళీగా కొట్టి 'కొత్తవే పోయినయి' అనిపిస్తుంది.

ఇక పట్టీలు. వెనక ఒక్కో పక్క 555 కిలోలు పెరిగితే కట్ట 52 మి.మీ. దిగింది. మి.మీ.కు 10.7 కిలోలు. అదనపు రెండు పట్టీలు తీసేశాక అదే బరువుకు 78 దిగింది: 7.1 కిలోలు. యాభై శాతం ఎక్కువ గట్టిదనం కేవలం రెండు పట్టీలతో. 'ఆరుకు రెండు కలిపితే మూడో వంతే కదా' అనుకుంటారు. కానీ పట్టీ గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 10 మి.మీ. పట్టీ ఒక్కటి 9 మి.మీ. పట్టీలు 1.37తో సమానం. లెక్క ప్రకారమే 46 శాతం పెరగాలి, పట్టీల మధ్య రాపిడి ఇంకాస్త కలిపింది.

ఖాళీ బండి ఎందుకు ఎగురుతుందో కూడా ఇక్కడే దొరుకుతుంది. బరువును గట్టిదనంతో భాగించి, వచ్చిన దిగుడును సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఖాళీగా ఒక్కో వెనక కట్ట మీద పడే బరువు, యాక్సిల్, చక్రాలు పోను, దాదాపు 280 కిలోలు. ఎనిమిది పట్టీలతో దిగుడు 2.6 సెం.మీ., ఊగుడు 3.1. ఆరు పట్టీలతో 3.9 సెం.మీ., 2.5. నిండు లోడుతో ఆరు పట్టీలకు ఒకటిన్నర లోపే. ఒకటి, ఒకటిన్నర దగ్గర మనిషి ఒంటికి బాధ తెలియదు. మూడు దగ్గర నడుము పట్టేస్తుంది.

పట్టీలు తీయడంతో యూ బోల్టులు కూడా మార్చక తప్పలేదు. కట్ట మందం 20 మి.మీ. తగ్గింది, పొడుగు బోల్టుకు మర అంతదాకా లేదు. నట్టు మర చివరకు వచ్చి ఆగిపోతుంది, రెంచి 'బిగిసింది' అంటుంది, కట్ట మాత్రం వదులుగా ఉంటుంది. ముందు ఎడమ పట్టీ విరిగినట్టే వెనకా విరగడానికి ఇదే దారి.

బ్రేకు, స్టీరింగ్

వెనక అదనపు పట్టీలతో బండి 34 మి.మీ. ఎత్తుకుంది, ముందు సగటున 20 కూలింది. 2,750 మి.మీ. చక్రాల దూరానికి ఈ 54 మి.మీ. ఒక డిగ్రీకి పైన వాలు. ముందు యాక్సిల్ క్యాస్టర్ (చక్రం తిరిగే పిన్ను వెనక్కి వాలిన కోణం) అంత మేరకు తగ్గింది. 60 దాటాక స్టీరింగ్ తేలుతున్నదని డ్రైవరు ఎప్పుడో చెప్పి, ఎవరూ పట్టించుకోక ఊరుకున్నాడు. కట్టల ఎత్తు సరికాగానే అది తగ్గింది.

ఇంతకంటే పెద్ద సంగతి బ్రేకుది. వెనక యాక్సిల్ నుంచి ఒక కడ్డీ ద్వారా లోడును పసిగట్టి వెనక బ్రేకుకు ఆయిల్ ఒత్తిడి పంచే వాల్వు ఈ బండిలో ఉంది. మెకానిక్కులు ఎల్‌ఎస్‌పీవీ అంటారు. ఛాసికీ యాక్సిల్‌కూ మధ్య దూరం ఎక్కువుంటే బండి ఖాళీ అని అది అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. పట్టీలు కలిపి ఛాసిని ఎత్తేస్తే నిండు లోడుతో ఉన్నా దానికి ఖాళీ బండిలానే కనిపిస్తుంది. పట్టీలు వేసేవాళ్లలో ఈ కడ్డీ వైపు చూసేవాళ్లు తక్కువ. పని అయ్యాక మాన్యువల్ కొలత ప్రకారం కడ్డీ సరిచేసి, ఖాళీగా, లోడుతో బ్రేకు పరీక్షించాకే బండి వదిలాం.

క్యాబిన్ కింది రబ్బర్లలో ఒకటి నలిగిపోయింది, మార్చాం. సీటు స్పంజి డ్రైవరు కూర్చునే చోట పూర్తిగా చచ్చిపోయింది, అదీ కొత్తది. చిన్న పనులే, కానీ రోజుకు పది గంటలు ఆ సీటు మీదే గడుస్తాయి.

మళ్లీ మట్టి ముద్ద

అన్నీ అయ్యాక అదే దారి, అదే 1,250 కిలోలు, అదే రేగడి ఉండలు. ముందు రెండూ పైభాగం కొంచెం చదునయ్యాయి. ఒక మోరీ అంచు మీద ఆనినట్టుంది, అక్కడ ఆనడం న్యాయమే. వెనక ఎడమది ఒక మూల నలిగింది. అంటే ఇప్పుడు ప్రయాణం రబ్బరు దగ్గరే ఆగుతోంది, షాకప్ లోపల కాదు. 'టంగ్' లేదు.

పోని సంగతి ఒకటుంది. ఖాళీగా పెద్ద స్పీడ్ బ్రేకరు మీద వెనక ఇంకా కొంచెం ఎగురుతుంది. టన్నుంపావు మోయడానికి చేసిన కట్ట ఖాళీగా కారులా నడవదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే వారం తిరక్కముందే బండి ఇంకో షెడ్డుకు పోయి మళ్లీ ఏదో మారుతుంది.

ఓనరుకు అసలు చెప్పాల్సింది లోడు గురించి. ఆరు పట్టీలతో 1,250 కిలోలకు వెనక 38 మి.మీ. ఖాళీ మిగిలింది. ఇంకో 350 కిలోలు ఎక్కిస్తే మరో 22 దిగి 16కు వస్తుంది, అప్పుడు ప్రతి గుంతా రబ్బరే. ట్రే బరువుతో కలిపి ఒక్కోటి 27 కిలోలు తూగింది. 46 ట్రేలు హద్దు. ట్రేలన్నీ వెనక డోరు వైపు చేర్చకుండా క్యాబిన్ గోడకు ఆనించి మొదలుపెట్టాలి.

100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, లోడుతో తిరిగి 500 అయ్యాక ఇంకోసారి యూ బోల్టులు 110కి మళ్లీ చూశాం. మొదటిసారి నాలుగు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి, రెండోసారి ఒక్కటీ కదలలేదు. మూడు వారాలకు 1,800 కిలోమీటర్లు తిరిగొచ్చాక ముందు ఎత్తు తేడా 7 మి.మీ. షాకిల్ మీద గీసిన సుద్దగీత రెండు పక్కలా విడిపోయి కనిపించింది. 5,000 దగ్గర క్లిప్పు సందులు, నైలాన్ ముక్కలు చూడాలని జాబ్ కార్డు మీద రాసి పంపాం.